బొమ్మలెక్క: పేజీలోని ఫోటో అసలు కొలతలు చూపే ఎక్స్‌టెన్షన్, ప్రాజెక్టు డైరీ

పలాస జీడిపప్పు, పొందూరు ఖద్దరు అమ్మే చిన్న సైటు ఫోన్‌లో ఈడ్చుకుంటూ తెరుచుకుంటోందంటే, తప్పు చాలావరకు ఫోటోలదే. కెమెరా ఇచ్చిన 4000×3000 ఫైలును ఉన్నదున్నట్టు ఎక్కించేస్తారు. పేజీలో దానికి దొరికే చోటు 300×225. తెర సాంద్రత రెండింతలున్న ఫోన్‌లో కూడా అది 600×450, అంటే 2,70,000 పిక్సెళ్లు. డౌన్‌లోడ్ అయినవి 1,20,00,000. అవసరానికి 44 రెట్లు.

ఈ సంగతి డెవలపర్ టూల్స్‌లో దొరకదని కాదు. నెట్‌వర్క్ ట్యాబ్‌లో వరస వెతికి పట్టుకుని, ఎలిమెంట్స్ ట్యాబ్‌లో ట్యాగు మీద మౌస్ పెట్టి, రెంటినీ పక్కపక్కన పోల్చుకోవాలి. దుకాణం చూసుకుంటూ మధ్యలో సైటు చూసుకునే మనిషికి అంత తీరిక ఎక్కడిది? బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి "కొలతలు చూపు" నొక్కితే చాలనిపించేలా చేయడమే శ్రీకాకుళంలో తయారవుతున్న ఈ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) పని. పేరు బొమ్మలెక్క.

మొదటినుంచీ పట్టుకున్న నియమం ఒకటుంది. ప్యానెల్‌లో ఏ అంకె చూపినా అది ఎవరు చెప్పిన అంకో పక్కనే రాసి ఉండాలి: ఫైలు చెప్పిందా, బ్రౌజర్ చెప్పిందా, సర్వర్ చెప్పిందా అన్నది. ఒకే చెక్కకు అడంగల్‌లో ఒక విస్తీర్ణం ఉండి, గొలుసు పట్టి కొలిస్తే ఇంకొకటి వచ్చినట్టు, పేజీలోని బొమ్మకూ కొలతలు ఒకటికి మూడు ఉంటాయి. మూడూ నిజమే. ఏది దేనికో తెలియకపోతేనే చిక్కు.

వెర్షన్ 0.1: అనుమతులు, రైట్ క్లిక్ మెనూ

మ్యానిఫెస్ట్ (ఎక్స్‌టెన్షన్ వివరాల ఫైలు) వెర్షన్ 3. ఫలితాలు సైడ్ ప్యానెల్‌లో చూపాలి, దాన్ని కోడ్ నుంచి తెరిచే వీలు క్రోమ్ 116 నుంచే ఉంది కాబట్టి కనీస వెర్షన్ 116 అని రాశాం. తీసుకున్న అనుమతులు కాంటెక్స్ట్‌మెనూస్, యాక్టివ్‌ట్యాబ్, స్క్రిప్టింగ్, స్టోరేజ్, సైడ్‌ప్యానెల్, అంతే.

అన్ని సైట్లకూ హోస్ట్ పర్మిషన్ (సైటులోకి చూసే అనుమతి) అడిగితే పని సగం తేలికయ్యేది. కానీ అప్పుడు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా అంతా చదవగలదు, మార్చగలదు" అన్న హెచ్చరిక వస్తుంది. బొమ్మ కొలత చూడడానికి ఇంత అనుమతి అడగడం న్యాయం కాదు. యాక్టివ్‌ట్యాబ్ అయితే వాడేవారు మెనూ నొక్కిన ట్యాబ్‌కే, ఆ సైటు వదిలి వెళ్లేవరకే అనుమతి ఇస్తుంది.

దీనికి కట్టాల్సిన మూల్యం ఉంది. క్లిక్‌కు ముందు పేజీలో మన స్క్రిప్ట్ ఉండదు, అందుకని ఏ ఎలిమెంట్ మీద క్లిక్ పడిందో తెలియదు. మెనూ మనకు ఇచ్చేది బొమ్మ యూఆర్ఎల్, ఫ్రేమ్ నంబరు మాత్రమే. ఆ ఫ్రేమ్‌లోకి స్క్రిప్ట్ ఎక్కించి, కరెంట్‌ఎస్ఆర్‌సీ (బ్రౌజర్ ఎంచుకున్న ఫైలు చిరునామా) ఆ యూఆర్ఎల్‌తో సరిపోయే ఇమేజ్ ట్యాగులన్నీ ఏరుతున్నాం. ఒకే ఫోటో పేజీలో పైన చిన్నగా, కింద పెద్దగా రెండుచోట్ల వాడి ఉంటే రెండూ వరసగా చూపిస్తుంది. అది మంచికే: చిన్నచోట కూడా పెద్ద ఫైలే వాడుతున్నారని వెంటనే కనిపిస్తుంది. వేరే డొమైన్ ఐఫ్రేమ్ (పేజీలో పొదిగిన ఇంకో పేజీ) లోకి మాత్రం యాక్టివ్‌ట్యాబ్ చెల్లదు.

ఇలాంటిది మొదటిసారి రాసేవాళ్లు తప్పకుండా తగులుకునే రాళ్లు మూడు. మెనూను సర్వీస్ వర్కర్ (ఎక్స్‌టెన్షన్ వెనక నడిచే స్క్రిప్ట్) పైభాగంలో తయారుచేస్తే, వర్కర్ లేచిన ప్రతిసారీ "ఇదే ఐడీతో ఇంకోటి ఉంది" అని ఎర్రర్ పడుతుంది; ఆన్‌ఇన్‌స్టాల్డ్ లోపల చేయాలి. సర్వీస్ వర్కర్ 30 సెకన్లు పని లేకుండా ఉంటే ఆగిపోతుంది, గ్లోబల్ వేరియబుల్‌లో దాచినవన్నీ దానితోపాటే పోతాయి; స్టోరేజ్ సెషన్‌లో పెట్టుకోవాలి. ఇక సైడ్‌ప్యానెల్ ఓపెన్ అనే పిలుపు క్లిక్ హ్యాండ్లర్‌లో మొట్టమొదటి పనిగా ఉండాలి. దానికి ముందు ఒక్క అవెయిట్ (ఆగి ఎదురుచూసే ఆదేశం) ఉన్నా, "ఇది వాడేవారి క్లిక్ వల్ల జరగలేదు" అని బ్రౌజర్ తిరగ్గొట్టవచ్చు.

ప్యానెల్‌ను పేజీ మీదే తేలేలా పెట్టడం చూడ్డానికి బాగుంటుంది. కానీ పేజీ సీఎస్ఎస్ వచ్చి మన అక్షరాలను పాడుచేయకుండా షాడో డామ్, డైలాగుల కిందికి పోకుండా పాపోవర్, ఆపైన ఆ సైటు సెక్యూరిటీ పాలసీ అడ్డుపడకుండా ఇంకేదో. సైడ్ ప్యానెల్ ఎక్స్‌టెన్షన్ సొంత పేజీ కాబట్టి ఈ గొడవలేవీ లేవు. అనుమతి అడిగే బటన్ కూడా అక్కడే పెట్టొచ్చు; పేజీలోకి ఎక్కించిన స్క్రిప్ట్‌కు పర్మిషన్స్ ఏపీఐ అందదు.

0.2: రైట్ క్లిక్‌కు దొరకని బొమ్మలు

చాలా అమ్మకం సైట్లలో ఫోటో మీద పారదర్శకమైన ఒక డివ్ కప్పి ఉంటుంది, కాపీ చేయకుండా అని. అక్కడ రైట్ క్లిక్ చేస్తే బొమ్మ మెనూ రాదు. సీఎస్ఎస్ బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టిన బొమ్మలకూ రాదు. వీటికోసం ఎంపిక మోడ్: టూల్‌బార్ బటన్ నొక్కి, తర్వాత బొమ్మ మీద మామూలు క్లిక్ చేయడం. ఎస్కేప్ నొక్కితే మోడ్ పోతుంది.

క్లిక్‌ను విండో మీద క్యాప్చర్ దశలోనే, అంటే కింది ఎలిమెంట్లకు అందకముందే, పట్టుకుని ఆపాలి. క్లిక్ ఒక్కదాన్నే ఆపితే సరిపోదు. ఫోటో స్లైడర్లు పాయింటర్‌డౌన్ దగ్గరే కదలడం మొదలుపెడతాయి కాబట్టి దాన్నీ, మౌస్‌డౌన్‌నూ ఆపాలి. తర్వాత ఎలిమెంట్స్‌ఫ్రమ్‌పాయింట్‌తో ఆ చుక్క కింద ఉన్న పొరలన్నీ పైనుంచి కిందికి తెచ్చుకుంటాం. ఇమేజ్ ట్యాగు ఉంటే అది. లేకపోతే ప్రతి పొరకూ కంప్యూటెడ్ స్టైల్‌లో బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్ చూస్తాం, బిఫోర్, ఆఫ్టర్ అనే సూడో ఎలిమెంట్లతో సహా. ఆ విలువను కామాల దగ్గర ముక్కలు చేయకూడదు. గ్రేడియెంట్‌లో కామాలుంటాయి, డేటా యూఆర్ఎల్ (బొమ్మ మొత్తాన్ని చిరునామాలోనే రాసేది) లో కూడా ఉంటుంది. యూఆర్ఎల్ అనే మాట తర్వాతి కోట్స్ మధ్య ఉన్నదాన్నే తీయాలి.

క్లిక్ అందకుండా పాయింటర్ ఈవెంట్స్ నన్ అని పెట్టిన బొమ్మలు ఈ వరసలోనూ రావు. వాటికి చివరి దారి: పేజీలోని ఇమేజ్ ట్యాగులన్నిటి దీర్ఘచతురస్రాలు తీసి, క్లిక్ చుక్క ఎవరి లోపల పడిందో చూడడం.

0.3: మూడు కొలతలు

ప్రాజెక్టు అంతటికీ గుండెకాయ ఇదే.

నేచురల్‌విడ్త్ అంటే ఫైలులో ఉన్న అసలు పిక్సెళ్ల వెడల్పు అని చాలామంది అనుకుంటారు, ఇలాంటి టూల్స్ కొన్ని అదే చూపిస్తాయి. ఎస్ఆర్‌సీసెట్ (ఒకే బొమ్మకు వేర్వేరు కొలతల ఫైళ్ల జాబితా) లేనంతవరకు అది నిజం. ఉంటే కాదు. ఉదాహరణకు ఖద్దరు చీర ఫోటో 400, 800, 1600 వెడల్పుల్లో మూడు ఫైళ్లుగా ఉంది, వాటికి 400డబ్ల్యూ, 800డబ్ల్యూ, 1600డబ్ల్యూ అని రాశారు, సైజెస్ (పేజీలో బొమ్మకు దక్కే వెడల్పు) 300 పిక్సెళ్లు అన్నారు. రెండింతల సాంద్రత తెరకు కావలసింది 600, కాబట్టి బ్రౌజర్ 800 ఫైలు ఎంచుకుంటుంది. 800ని 300తో భాగిస్తే సాంద్రత 2.667. నేచురల్‌విడ్త్ చెప్పేది 800 కాదు, దాన్ని ఈ సాంద్రతతో భాగించగా వచ్చే 300. అంటే వచ్చిన ఫైలు ఏదైనా అది 300 అనే చెబుతుంది.

ఇందులోనే ఒక మంచి పరీక్ష దాగి ఉంది. సర్వర్‌లో ఉన్న ఫైలు వెడల్పు నిజానికి 1000 అయి, 800డబ్ల్యూ అని తప్పుగా రాసి ఉంటే, నేచురల్‌విడ్త్ 375 వస్తుంది. సైజెస్‌లో చెప్పిన 300కు అది సరిపోలేదంటే ఎస్ఆర్‌సీసెట్‌లో ఎక్కడో అబద్ధం ఉన్నట్టే. బొమ్మలెక్క ఇప్పుడు దీన్ని పసుపు గీతతో చూపిస్తుంది.

అందువల్ల ప్యానెల్‌లో మూడు వరసలు. "ఫైలులో": ఫైలు హెడర్ (ఫైలు మొదట్లో ఉండే వివరాలు) చదివి తెచ్చిన పిక్సెళ్లు. "బ్రౌజర్ లెక్కలో": నేచురల్ విడ్త్, హైట్. "తెర మీద": గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ ఇచ్చిన పెట్టెను డివైస్ పిక్సెల్ రేషియో (తెర సాంద్రత) తో గుణించినది. క్లయింట్‌విడ్త్ కాకుండా ఇదే ఎందుకంటే, సీఎస్ఎస్ ట్రాన్స్‌ఫార్మ్‌తో పెంచినా తగ్గించినా ఆ తేడా ఇందులో కలుస్తుంది. బ్రౌజర్ జూమ్ 110 శాతం ఉంటే డివైస్ పిక్సెల్ రేషియో కూడా మారుతుందని మరిచిపోవద్దు. పోల్చి చూసేటప్పుడు జూమ్ 100 మీదే ఉంచాలి.

పెట్టె కొలత మాత్రమే చూస్తే ఆబ్జెక్ట్‌ఫిట్ (బొమ్మను పెట్టెలో ఎలా ఇమడ్చాలో చెప్పే సీఎస్ఎస్) దగ్గర బోల్తా పడతాం. జీడిపప్పు గ్రేడులు చూపే పేజీల్లో డబ్ల్యూ180, డబ్ల్యూ240, డబ్ల్యూ320 అన్నీ చదరపు పెట్టెల్లో ఉంటాయి. ఆ అంకె పౌనుకు ఎన్ని పప్పులు తూగుతాయన్న లెక్క కాబట్టి, కొనేవాడు పప్పు పరిమాణం ఫోటోలోనే పోల్చి చూస్తాడు. 4000×3000 ఫోటోను 300×300 పెట్టెలో కవర్ (పెట్టె నిండే) పద్ధతిలో పెడితే, రెండు నిష్పత్తుల్లో పెద్దది 300/3000, అంటే 0.1 స్కేలు. బొమ్మ 400×300గా గీయబడి, పక్కల 100 పిక్సెళ్లు కోసుకుపోతాయి. కంటెయిన్ (బొమ్మ అంతా ఇమిడే పద్ధతి) అయితే చిన్న నిష్పత్తి, 0.075. ఒక గ్రేడు నిలువు ఫోటో, ఇంకోటి అడ్డ ఫోటో, ఒకటి కవర్, ఇంకోటి కంటెయిన్ అయితే, 320 పప్పు 240 కన్నా లావుగా కనబడవచ్చు. అందుకే ప్యానెల్‌లో స్కేలును విడిగా చూపిస్తున్నాం.

స్కేలు 1 దాటితే బొమ్మ సాగి మసకబారుతుంది, అది అందరికీ తెలిసిందే. తగ్గినప్పుడు వచ్చే తంటా ఖద్దరు దగ్గర తెలుస్తుంది. పొందూరు సన్న నూలు నేత దగ్గరనుంచి తీస్తే ఫోటోలో పోగు పోగూ విడివిడిగా ఉంటుంది. తగ్గించి చూపినప్పుడు పక్కపక్క పోగుల మధ్య దూరం రెండు పిక్సెళ్లకన్నా తగ్గితే, గుడ్డ మీద లేని అలలు, చారలు తేలతాయి. కొనేవాడికి అది నేతలో లోపంలా కనిపిస్తుంది. దీనికి మందు బ్రౌజర్‌కు తగ్గించే పని వదలకుండా, ముందే సరైన కొలతకు తగ్గించిన ఫైలు ఇవ్వడం. స్కేలు 1కి ఎంత దగ్గరుంటే అంత మంచిది.

0.4: ఫైలు బరువు

బైట్ల లెక్క తేలిగ్గా దొరికేది పెర్ఫార్మెన్స్ ఎంట్రీల్లో, అంటే పేజీ దించుకున్నవాటి గురించి బ్రౌజర్ రాసే చిట్టాలో. ఎన్‌కోడెడ్‌బాడీసైజ్ చదివితే చాలు, మళ్లీ డౌన్‌లోడ్ అక్కరలేదు. రెండు చోట్ల మొండిచేయి చూపుతుంది. బొమ్మ వేరే డొమైన్ నుంచి వచ్చి, ఆ సర్వర్ తగిన అనుమతి హెడర్ పంపకపోతే 0 వస్తుంది. ఎంట్రీల జాబితా డిఫాల్ట్‌గా 250తో నిండిపోతుంది, కిందికి జరుపుతున్నకొద్దీ బొమ్మలు వచ్చే పేజీల్లో తర్వాతివి నమోదు కావు. ట్రాన్స్‌ఫర్‌సైజ్‌ను నమ్ముకోకూడదు: కాష్ నుంచి వచ్చిన బొమ్మకు అది 0.

అప్పుడు సర్వర్‌నే అడగాలి. ఫైలు లేకుండా వివరాలే అడిగే హెడ్ రిక్వెస్ట్ చక్కగా ఉంటుంది కానీ కొన్ని సర్వర్లు 405 (ఈ పద్ధతి కుదరదు) ఇచ్చి ఊరుకుంటాయి. ఎలాగూ హెడర్ చదవడానికి ఫైలు మొదటి ముక్క కావాలి కదా, అందుకని గెట్ రిక్వెస్ట్‌లోనే రేంజ్ పెట్టి బైట్లు 0 నుంచి 65535 వరకు అడుగుతున్నాం. 206 వస్తే కంటెంట్ రేంజ్‌లో ఏటవాలు గీత తర్వాతి అంకె మొత్తం సైజు. 200 వస్తే సర్వర్ రేంజ్ పట్టించుకోలేదని అర్థం. స్ట్రీమ్ రీడర్‌తో 64 కేబీ చదివి అబార్ట్ చేయాలి, లేకపోతే కొలత చూడ్డానికి 5 ఎంబీ ఫోటో మళ్లీ మొత్తం దిగుతుంది. పరీక్షకు రెండు రకాల సర్వర్లూ పెట్టుకోండి. పైథాన్‌తో వచ్చే మామూలు హెచ్‌టీటీపీ సర్వర్ రేంజ్ ఎరగదు, ఎప్పుడూ 200. ఎన్‌జినెక్స్ 206 ఇస్తుంది.

ఈ రిక్వెస్ట్ పేజీలోని స్క్రిప్ట్ నుంచి పంపితే ఆ పేజీ కార్స్ (వేరే డొమైన్ల డేటా చదవడాన్ని అదుపుచేసే) నియమాలే వర్తిస్తాయి. ప్యానెల్ నుంచి పంపాలి, దానికి బొమ్మ ఉన్న డొమైన్‌కు హోస్ట్ పర్మిషన్ కావాలి. యాక్టివ్‌ట్యాబ్ ఆ పేజీ డొమైన్ వరకే. కాబట్టి ఐచ్ఛిక హోస్ట్ పర్మిషన్‌గా ఉంచి, ప్యానెల్‌లో "ఈ సర్వర్‌ను అడగనా?" అన్న బటన్ పెట్టాం. వాడేవారు నొక్కితే ఆ ఒక్క డొమైన్‌కే అడుగుతుంది.

అసలు గోతి ఇక్కడుంది. పేజీలో బొమ్మ కోసం క్రోమ్ సర్వర్‌కు పంపే యాక్సెప్ట్ హెడర్‌లో ఏవిఫ్, వెబ్‌పీ (తక్కువ బరువుండే బొమ్మ ఫార్మాట్లు) కావాలని ఉంటుంది. స్క్రిప్ట్‌లోని ఫెచ్‌తో మనం అడిగితే "ఏదైనా ఫరవాలేదు" అని వెళ్తుంది. ఫార్మాట్ మార్చి ఇచ్చే సీడీఎన్ (ఫైళ్లు పంచే మధ్య సర్వర్) అయితే పేజీకి 90 కేబీ ఏవిఫ్ ఇచ్చి, మనకు 400 కేబీ జేపెగ్ ఇవ్వగలదు. యూఆర్ఎల్ ఒకటే, ఫైళ్లు రెండు. పేజీలో లేని ఫైలు కొలిచి పేజీ బరువు ఇదీ అని చెబితే ఎక్స్‌టెన్షన్ ఉండి దండగ. క్రోమ్ పంపే యాక్సెప్ట్ విలువనే ఫెచ్‌లోనూ పెట్టాలి. కాష్ కలిసొస్తుందనీ అనుకోవద్దు. క్రోమ్ కాష్‌ను సైట్లవారీగా విడగొడుతుంది, పేజీ దించిన కాపీ ఎక్స్‌టెన్షన్‌కు అందదు.

కొన్ని సర్వర్లు రెఫరర్ (ఏ పేజీ నుంచి వచ్చిందో చెప్పే హెడర్) చూసి, తమ పేజీ నుంచి రాని రిక్వెస్ట్‌కు 403 ఇస్తాయి. డిక్లరేటివ్ నెట్ రిక్వెస్ట్‌తో రెఫరర్ మార్చి దాటిపోవచ్చు. చేయలేదు, చేయబోం. సర్వర్ వద్దన్నప్పుడు "సర్వర్ ఇవ్వలేదు" అని రాయడమే సరైన జవాబు.

ఎస్‌వీజీకి (అక్షరాల్లో రాసిన గీతల బొమ్మకు) ఒక మెలిక. రేంజ్ అడిగినప్పుడు బ్రౌజర్ కుదింపు వద్దని కూడా చెబుతుంది, కాబట్టి వచ్చే సైజు విప్పిన ఫైలుది. పేజీకి జీజిప్‌తో కుదించి వచ్చింది అంతకన్నా తక్కువ. ప్యానెల్‌లో "విప్పిన సైజు" అని వేరే పేరు పెట్టాం.

డేటా యూఆర్ఎల్ అయితే బేస్64 అక్షరాల సంఖ్యలో ముప్పాతిక, చివరి సమాన గుర్తులు తీసేసి. కేబీ అంటే 1000 బైట్లే, డెవలపర్ టూల్స్‌తో సరిపోవాలని. విండోస్ 1024తో లెక్కిస్తుంది, తేడా రెండు శాతం పైచిలుకు. అందుకే పక్కన బైట్లు కూడా పూర్తిగా ఉంటాయి.

0.5: ఫైలు రకం, హెడర్ కొలతలు

యూఆర్ఎల్ చివర జేపీజీ అని ఉన్నంత మాత్రాన అది జేపెగ్ కాదు. మొదటి బైట్లే సాక్ష్యం. అవి కన్సోల్‌లో పదుల లెక్కలోనే కనిపిస్తాయి కాబట్టి అలాగే రాస్తున్నాం. జేపెగ్: 255, 216, 255. పీఎన్‌జీ: 137, 80, 78, 71, 13, 10, 26, 10. గిఫ్: 71, 73, 70, 56. వెబ్‌పీ: మొదట 82, 73, 70, 70, మళ్లీ 8వ స్థానం నుంచి 87, 69, 66, 80. ఏవిఫ్: 4వ స్థానంలో 102, 116, 121, 112, ఆ వెంటనే 97, 118, 105, 102.

క్రియేట్‌ఇమేజ్‌బిట్‌మ్యాప్‌తో డీకోడ్ చేస్తే కొలత ఒక్క గీతలో వచ్చేస్తుంది కదా అంటే, 4000×3000 ఫోటోకు పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 4.8 కోట్ల బైట్ల మెమరీ, పైగా మొత్తం ఫైలు డౌన్‌లోడ్. హెడర్ చదవడమే నయం. పీఎన్‌జీలో వెడల్పు 16వ స్థానంలో నాలుగు బైట్లు, ఎత్తు 20వ స్థానంలో. జేపెగ్‌లో నడిచి వెతకాలి: 2వ స్థానం నుంచి మొదలై 255, మార్కర్, రెండు బైట్ల పొడవు, ఆ పొడవు కలిపి తర్వాతి మార్కర్‌కు దూకాలి. 192 నుంచి 207 లోపు మార్కర్ దొరికితే, అది 196, 200, 204 కాకపోతే, కొలతలు దాని లోపలే. ముందు ఎత్తు, తర్వాత వెడల్పు, తారుమారు చేయకండి. 194 అయితే ప్రోగ్రెసివ్ జేపెగ్.

దూకకుండా 255, 192 జంట కోసం ఫైలంతా గాలిస్తే ఫోన్ ఫోటోలన్నీ 160×120 అని వస్తాయి. ఎగ్జిఫ్ (కెమెరా ఫైలులో రాసే వివరాలు) లో దాచిన థంబ్‌నెయిల్ కూడా ఒక పూర్తి జేపెగ్, దాని మార్కర్ ముందు దొరుకుతుంది. మొదటి 64 కేబీలో కొలతలు రాకపోతే, పెద్ద కలర్ ప్రొఫైల్ లాంటిది అడ్డున్నట్టు. ఆగిన మార్కర్ స్థానం నుంచి ఇంకో 64 కేబీ అడగాలి.

0.6: ఎగ్జిఫ్

మార్కర్ 225 ఉన్న ముక్కలో ఎగ్జిఫ్ అన్న నాలుగు అక్షరాలు, రెండు సున్నాలు, ఆపైన టిఫ్ హెడర్. 73, 73 ఉంటే చిన్న బైటు ముందు, 77, 77 అయితే పెద్ద బైటు ముందు, ఆ తర్వాత 42. ఇక్కడినుంచి వచ్చే ఆఫ్‌సెట్లన్నీ ఈ హెడర్ మొదలు నుంచి లెక్కించాలి, ఫైలు మొదలు నుంచి కాదు. ఒక్కో ఎంట్రీ 12 బైట్లు: ట్యాగు 2, రకం 2, లెక్క 4, విలువ 4. విలువ 4 బైట్లలో పట్టకపోతే అక్కడ ఉండేది ఆఫ్‌సెట్.

చదువుతున్న ట్యాగులు: 271 తయారీదారు, 272 మోడల్, 274 దిశ, 33434 ఎక్స్‌పోజర్, 33437 అపెర్చర్, 34855 ఐఎస్ఓ, 36867 తీసిన సమయం, 37386 ఫోకల్ లెంగ్త్. 34665, 34853 ఇంకో జాబితాకు దారి చూపుతాయి, రెండోది జీపీఎస్. దిశ రెండు బైట్ల విలువ. పెద్ద బైటు ముందున్న ఫైలులో దాన్ని నాలుగు బైట్లుగా చదివితే 6 బదులు 3,93,216 వస్తుంది. ఈ అంకె కనిపిస్తే కారణం వెతకనక్కరలేదు.

దిశ 5 నుంచి 8 అయితే ఫైలులోని 4000×3000 తెర మీద 3000×4000. క్రోమ్ 81 నుంచి బ్రౌజర్ తనంతట తనే తిప్పి చూపుతుంది, నేచురల్ కొలతలు కూడా తిరిగినవే ఇస్తుంది. హెడర్‌లో మాత్రం తిప్పనివే ఉంటాయి. 0.3లోని స్కేలు లెక్కకు ముందు ఇది సరిచేయాలి.

తీసిన సమయం తేదీలోనూ కోలన్లతో ఉంటుంది, జావాస్క్రిప్ట్ డేట్‌కు నేరుగా ఇస్తే చెల్లని తేదీ అంటుంది. అందులో టైమ్ జోన్ కూడా ఉండదు. ఉంటే 36881లో విడిగా ఉంటుంది. లేనప్పుడు దాన్ని యూటీసీ అనుకుని మన సమయానికి మారిస్తే అయిదున్నర గంటలు ముందుకు పోతుంది. విజయనగరం సిరిమాను తిరిగే సాయంత్రం 4:10కి తీసిన ఫోటో రాత్రి 9:40 అని చూపిస్తుంది, ఫోటోలో ఎండ కాస్తూ ఉంటుంది. జోన్ తెలియనప్పుడు ఉన్నది ఉన్నట్టే చూపించి, "కెమెరా గడియారం" అని రాస్తున్నాం.

జీపీఎస్‌లో అక్షాంశం మూడు భిన్నాలు: 18/1, 20/1, 5160/100 అంటే 18 + 20/60 + 51.6/3600 = 18.3477. హారం 0 ఉన్న భిన్నాలు కొన్ని ఫోన్లు రాస్తాయి, భాగించే ముందే చూసుకోవాలి. నాలుగు దశాంశాలంటే దాదాపు 11 మీటర్లు. ఇంట్లోనే మగ్గం పెట్టుకున్న నేతగాడు చీరను వాకిట్లో ఆరేసి తీసిన ఫోటోలో ఆ ఇంటి గడపే దొరికిపోతుంది. అందుకని జీపీఎస్ ఉంటే ప్యానెల్‌లో అన్నిటికన్నా పైన ఎర్ర గీత వస్తుంది. మ్యాప్ లింకు మాత్రం ఇవ్వడం లేదు. సైటు యజమానికి "ఉంది, తీసేయండి" అని తెలిస్తే చాలు, దారినపోయేవాడికి ఇల్లు చూపించడం మన పని కాదు.

వాట్సాప్‌లో ఫోటోగా పంపినదాంట్లో ఎగ్జిఫ్ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటుంది. వర్డ్‌ప్రెస్ 5.3 నుంచి 2560 దాటిన ఫోటోను తగ్గించి, ఫైలు పేరు చివర స్కేల్డ్ అని తగిలిస్తుంది, కానీ అసలు ఫైలును కూడా అదే ఫోల్డరులో ఉంచుతుంది. ఆ తగిలింపు తీసేసి యూఆర్ఎల్ కొడితే జీపీఎస్‌తో సహా దొరుకుతుంది. పేజీలో కనిపించే ఫైలు శుభ్రంగా ఉందని ఊరుకోకూడదు, ఎక్కించే ముందే తుడవాలి.

వెబ్‌పీలో ఎగ్జిఫ్ మామూలుగా ఫైలు చివర ఉంటుంది. మొదటి ముక్కలో వీపీ8ఎక్స్ అని ఉండి, 20వ స్థానంలోని బైటులో 8 విలువ బిట్టు వెలిగి ఉంటే, చివరి 65536 బైట్లు రేంజ్‌లో అడుగుతున్నాం.

0.7: తెలుగు ప్యానెల్

అంకెలకు తెలుగు లోకేల్ ఫార్మాటర్ వాడితే 12,34,567 అని మన పద్ధతిలోనే కామాలు పడతాయి. ఫైలు పేరు తెలుగులో ఉంటే యూఆర్ఎల్‌లో ఒక్కో కోడ్ పాయింట్‌కు తొమ్మిది అక్షరాలు: "పలాస" నాలుగు కోడ్ పాయింట్లు, 36 అక్షరాల తోక. విప్పి చూపాలి. పేరులో శాతం గుర్తును సరిగా ఎన్‌కోడ్ చేయకుండా వదిలేసిన ఫైలు ఉంటే విప్పే ఫంక్షన్ ఎర్రర్ విసురుతుంది, పట్టుకుని పేరు ఉన్నట్టే చూపాలి. బ్రౌజర్ భాషను బట్టి తెలుగు రావాలని పెడితే మనవాళ్లలో చాలామంది క్రోమ్‌ను ఇంగ్లీషులోనే ఉంచుతారు కాబట్టి, భాష బటన్ ప్యానెల్‌లోనే ఉంది.

మిగిలినవి

బ్లాబ్ యూఆర్ఎల్ (పేజీ తన మెమరీలోనే ఉంచుకునే) బొమ్మలు ప్యానెల్‌కు అందవు. పేజీలోకి ఎక్కించిన స్క్రిప్టే చదవాలి. చదివిన బైట్లను మెసేజ్‌లో పంపబోతే అవతల ఖాళీ ఆబ్జెక్ట్ చేరుతుంది, ఎందుకంటే మెసేజ్ జేసన్‌గా మారి వెళ్తుంది. హెడర్ చదివే కోడ్‌ను పేజీ వైపు కూడా ఎక్కించి, ఫలితాలే పంపాలి. సగం అయింది.

ఇంకా తెరమీదికి రాని లేజీ (తెర దగ్గరికొస్తేనే దిగే) బొమ్మలకు నేచురల్‌విడ్త్ 0. ఇప్పుడు "ఇంకా రాలేదు" అని మాత్రమే చూపుతోంది. పాత పద్ధతి లేజీ స్క్రిప్టులు 1×1 గిఫ్ పెట్టి అసలు యూఆర్ఎల్‌ను డేటా ఆట్రిబ్యూట్‌లో దాస్తాయి. వాటిని గుర్తుపట్టడం మొదలుపెట్టాలి.

ఏవిఫ్ కొలతలు వస్తున్నాయి, ఎగ్జిఫ్ రావడం లేదు. మెటా బాక్స్ లోపలి ఐటెమ్ పట్టికలు చదివి స్థానం కనుక్కోవాలి.

ఫైర్‌ఫాక్స్‌లో సైడ్ ప్యానెల్ బదులు సైడ్‌బార్ యాక్షన్. అక్కడ మెనూస్ గెట్‌టార్గెట్‌ఎలిమెంట్‌తో క్లిక్ పడిన ఎలిమెంట్ నేరుగా చేతికొస్తుంది, కాబట్టి 0.1లో యూఆర్ఎల్ పోల్చి ఏరే భాగం ఆ బిల్డ్‌కు అక్కరలేదు. ముందు ఆ ముక్కను విడి ఫైలుగా వేరుచేయాలి, ఇప్పుడు చేతిలో ఉన్న పని అదే.